సైకిల్‌కి ముందు కొనాల్సింది వెనక లైటే

ఒక్క లైటుకే డబ్బులుంటే సైకిల్‌కి వెనక లైటు కొనండి. ఈ మాట చెబితే చాలామంది ఒప్పుకోరు. లైటంటే దారి కనబడటానికి కదా, ముందు లేకుండా వెనక ఎందుకంటారు. కానీ విజయవాడలోనూ గుంటూరులోనూ రోజూ సైకిల్ మీద పనికి పోయేవాళ్లు ఎక్కువగా తిరిగేది వీధి దీపాలున్న రోడ్ల మీదే. బందరు రోడ్డు మీదో, ఏలూరు రోడ్డు మీదో, గుంటూరు లాడ్జి సెంటర్ దగ్గరో మనకి రోడ్డు కనబడుతూనే ఉంటుంది. మనమే వెనకవాళ్లకి కనబడం. ఎదురొచ్చే బండిని మనం చూస్తాం, పక్కకి తప్పుకుంటాం. వెనక నుంచి వచ్చేదాన్ని చూడలేం. అక్కడ మన ప్రాణం పూర్తిగా అవతలివాళ్ల కళ్ల మీదే ఆధారపడి ఉంటుంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. మీరు గంటకి 15 కిలోమీటర్ల వేగంతో తొక్కుతున్నారు. వెనక బైకు 60లో వస్తోంది. తేడా 45, అంటే సెకనుకి పన్నెండున్నర మీటర్ల చొప్పున ఆ బైకు మీకు దగ్గరవుతోంది. ముదురు రంగు చొక్కా వేసుకుని, లైటు లేకుండా వెళ్తున్న మనిషి ఆ బైకు డిమ్ లైటులో 25 మీటర్ల దూరంలో కనబడ్డాడనుకుందాం. ఆ బైకు నడిపేవాడికి ఉన్నది 2 సెకన్లు. ఆ రెండు సెకన్లలోనే చూడాలి, అది సైకిలని పోల్చుకోవాలి, బ్రేకు వేయాలి. అదే ఎర్ర లైటు 100 మీటర్ల నుంచి కనబడితే 8 సెకన్లు దొరుకుతాయి. అప్పుడు బ్రేకు కూడా అక్కర్లేదు, మెల్లగా కుడిపక్కకి తప్పుకుని వెళ్లిపోతాడు.

రాత్రిపూట ఉండవల్లి దాటాక కరకట్ట మీద, మంగళగిరి వైపు సర్వీసు రోడ్ల మీద, పని దిగి ఇళ్లకి పోయేవాళ్లని చూస్తే గుండె గుభేలుమంటుంది. క్యారియర్‌కి టిఫిన్ డబ్బా కట్టి ఉంటుంది, వెనక ఒక్క ఎర్ర చుక్క కూడా ఉండదు. ఒకప్పుడు లైటు లేని సైకిల్‌ని పోలీసులు ఆపేవారని పాత తరంవాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఇప్పుడు ఎవరూ ఆపరు. సైకిల్ మోటారు వాహనం కాదు కాబట్టి మోటారు వాహనాల చట్టంలోని హెడ్‌లైట్ల రూల్సు దానికి వర్తించవు. అందుకే ఈ పని మనంతట మనమే చేసుకోవాలి.

వెనక లైటు విషయంలో జనం చూసేది ఎంత ప్రకాశం అని. నిజానికి రాత్రికి 20 నుంచి 50 ల్యూమెన్లు చాలు (ల్యూమెన్ అంటే లైటు ఇచ్చే వెలుగుకి కొలత). 100 దాటినవి పట్టపగలు ఎండలో కనబడటానికి చేసినవి. వాటిని రాత్రి ఫుల్‌లో పెడితే బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర మీ వెనక ఆగినవాళ్ల కళ్లల్లో పొడిచినట్టు ఉంటుంది. కళ్లు చెదిరిన మనిషికి మీరెంత దూరంలో ఉన్నారో తెలియదు. కొనేటప్పుడు తక్కువ, ఎక్కువ అని కనీసం రెండు స్థాయిలున్నది చూసుకోండి.

ప్రకాశం కంటే ముఖ్యం, అది ఎటు చూస్తోందన్నది. చిన్న ఎల్‌ఈడీ లైట్లలో చాలావాటి వెలుగు లైటు చూసే వైపుకే నేరుగా, సన్నగా వెళ్తుంది. కాస్త వంగితే దూరంలో ఉన్నవాళ్లకి సగం కూడా అందదు. సైకిల్ సీటు కింద పైపు నిటారుగా ఉండదు, వెనక్కి వాలి ఉంటుంది. చాలా సైకిళ్లకి ఆ వాలు 17 డిగ్రీల దాకా ఉంటుంది. లైటుని ఆ పైపుకి అతికినట్టు బిగిస్తే అది వెనకవాళ్ల వైపు కాకుండా రోడ్డు వైపు చూస్తుంది. మంచి లైట్లకి ఈ వాలు సరిచేయడానికి ఏటవాలు రబ్బరు ముక్క ఇస్తారు. అది లేకపోతే పాత ట్యూబు ముక్కని మడిచి లైటు కింది అంచు దగ్గర పెట్టి బిగించినా సరిపోతుంది. బిగించాక ఇరవై ముప్ఫై అడుగులు వెనక్కి నడిచి, కాస్త వంగి, బైకు మీద ఉన్న మనిషి కళ్ల ఎత్తు నుంచి ఒకసారి చూడండి. వెలుగు సూటిగా తగిలితే సరిగ్గా ఉన్నట్టు.

తర్వాత చూడాల్సింది, ఏదైనా అడ్డం వస్తోందా అని. మన సైకిళ్ల మీద మనిషి ఒక్కడే ఉండడు. పాల క్యాన్లు, కూరగాయల బస్తా, స్కూలు బ్యాగు, వెనక కూర్చున్న పిల్ల, వేలాడే చున్నీ, ఏదో ఒకటి ఉంటుంది. సీటు కింద లైటు వీటి వెనక దాక్కుంటుంది. సామాను మోసే సైకిల్‌కి లైటు ఉండాల్సింది క్యారియర్ చివర, లేదా వెనక మడ్‌గార్డు మీద. బ్యాగుకి క్లిప్పుతో తగిలించుకునే లైటు నాకు నచ్చదు. తొక్కుతున్నంతసేపూ ఊగి ఆకాశాన్నో నేలనో చూస్తుంటుంది.

ఇక మిణుకు మిణుకుమంటూ వెలిగేది మంచిదా, నిలకడగా వెలిగేదా? దీని మీద దేశదేశాల్లో వాదన ఉంది. జర్మనీలో సైకిల్‌కి బిగించిన లైటు మిణుకుమనకూడదు. బ్రిటన్‌లో 2005 నుంచి అనుమతి ఉంది, కానీ నిమిషానికి 60 నుంచి 240 సార్లలోపే మిణుకుమనాలి. రెండింటి వెనకా న్యాయం ఉంది. మిణుకుమనే లైటు చూపుని త్వరగా లాగుతుంది. ముఖ్యంగా పగలు, సాయంత్రం చీకటి పడేముందు అది బాగా పనిచేస్తుంది. కానీ చీకట్లో అది ఎంత దూరంలో ఉంది, ఎటు కదులుతోంది అని అంచనా వేయడం కష్టం. ఆరిన ప్రతిసారీ కన్ను దాన్ని మళ్లీ వెతుక్కోవాలి. నా సలహా ఇది: రాత్రి నిలకడగా, పగలు మిణుకుమనేలా. కొన్ని లైట్లలో పూర్తిగా ఆరకుండా నిలకడగా వెలుగుతూ మధ్యమధ్యలో ఎక్కువయ్యే మోడ్ ఉంటుంది. ఉంటే అన్నింటికంటే అదే మేలు. రెండు లైట్లు పెట్టుకునేవాళ్లు ఒకటి నిలకడగా, ఒకటి మిణుకుమనేలా పెట్టుకోవచ్చు. ఒకటి దారిలో ఆగిపోయినా రెండోది ఉంటుంది. వెనక లైటు ఆగిపోతే తొక్కేవాళ్లకి తెలియదు కాబట్టి ఈ రెండో లైటు దండగ కాదు.

ఎరుపు, నీలం, ఆకుపచ్చ కలిపి పెళ్లి పందిరిలా వెలిగేవి మాత్రం వద్దు. ముందు తెలుపు, వెనక ఎరుపు అన్నది బండి మన వైపు వస్తోందా, మన నుంచి పోతోందా అని ఒక్క చూపులో చెప్పే గుర్తు. దాన్ని కలగాపులగం చేస్తే ఎదుటివాళ్లు తికమకపడతారు. రోడ్డు మీద ఎర్ర గీతలు గీసే లేజరు లైట్లు కూడా దీపాలున్న వీధిలో దాదాపు కనబడవు.

రిఫ్లెక్టర్లు, రేడియం స్టిక్కర్లు లైటుకి తోడు, లైటుకి బదులు కాదు. అవతలి బండి హెడ్‌లైటు వాటి మీద పడితేనే అవి మెరుస్తాయి. దీపం కాలిపోయిన ఆటోకి, అసలు లైటే వేయని బండికి అవి కనబడవు. కానీ బ్యాటరీ అక్కర్లేదు, దొంగలు ఎత్తుకుపోరు. పెడల్‌కి ఉండే పసుపు రిఫ్లెక్టర్లని మాత్రం తీసేయకండి. అవి పైకీ కిందకీ ఆడుతుంటే అక్కడ ఒక మనిషి తొక్కుతున్నాడని చూసేవాళ్లకి వెంటనే తెలుస్తుంది.

ఇప్పుడు ముందు లైటు. ఇక్కడ మొదట తేల్చుకోవాల్సింది మీది ఏ రోడ్డన్నది. పటమట నుంచి గవర్నర్‌పేటకి వెళ్లొచ్చేవాళ్లకి ముందు లైటు పని ఎదుటివాళ్లకి కనబడటం. రాంగ్ రూట్‌లో వచ్చే బైకుకి, గల్లీలోంచి దూసుకొచ్చే ఆటోకి, సందు చూసుకుని యూటర్న్ కొట్టే కారుకి మీరున్నారని తెలియాలి. దానికి 50 నుంచి 150 ల్యూమెన్లు చాలు. కరకట్ట మీద, గుంటూరు దాటాక ఊళ్లకి పోయే రోడ్ల మీద, కాలవ గట్ల మీద వెళ్లేవాళ్లకి దారి చూపించే లైటు కావాలి. అది వేరే వస్తువు, దాని ధరా వేరే. చాలామంది మొదటి అవసరానికి రెండో రకం కొని డబ్బులు పోగొట్టుకుంటారు, లేదా రెండో అవసరానికి మొదటి రకం కొని గుంతలో పడతారు.

పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉండే ల్యూమెన్ల సంఖ్య ఈ విషయంలో పెద్దగా సాయం చేయదు. ల్యూమెన్లంటే లైటు నుంచి అన్ని వైపులకీ కలిపి బయటికొచ్చే వెలుగు. లక్స్ అంటే ఒక చోట, ఒక చదరపు మీటరు మీద పడిన వెలుగు. మోటారు ఎన్ని నీళ్లు తోడిందన్నది ల్యూమెన్, మీ పాదులో ఎన్ని పడ్డాయన్నది లక్స్. పైగా దూరం రెట్టింపైతే పడే వెలుగు నాలుగో వంతు అవుతుంది. 5 మీటర్ల దగ్గర 40 లక్స్ ఇచ్చే లైటు 10 మీటర్ల దగ్గర ఇచ్చేది 10 లక్సే. గుండ్రంగా అన్ని వైపులకీ వెదజల్లే 400 ల్యూమెన్ల టార్చి కంటే, వెలుగుని మలిచి రోడ్డు మీదకే పంపే 150 ల్యూమెన్ల లైటు కింద మీకు గుంతలు బాగా కనబడొచ్చు. టార్చి వెలుగులో పెద్ద భాగం చెట్ల కొమ్మలకీ, ఎదురొచ్చేవాళ్ల కళ్లకీ పోతుంది.

జర్మనీ వాళ్ల ప్రమాణం ఈ మలచడం గురించే. పెట్టె మీద ఎస్‌టీవీజెడ్‌ఓ అని రాసి ఉంటుంది. 10 మీటర్ల దూరంలో కనీసం 10 లక్స్ ఉండాలి, ఒక అడ్డగీతకి పైన వెలుగు చాలా తక్కువ ఉండాలి, ముఖ్యంగా చెప్పేవి ఇవి. కారు హెడ్‌లైటు డిమ్‌లో ఉన్నప్పుడు గోడ మీద పైన కత్తిరించినట్టు గీత కనబడుతుంది చూడండి, అలాంటి వెలుగు. ఎదురెదురుగా బళ్లు వచ్చే ప్రకాశం బ్యారేజీ లాంటి చోట ఇది ఎంత అవసరమో రోజూ దాని మీద వెళ్లేవాళ్లకి చెప్పక్కర్లేదు. పెద్దవయసు వాళ్ల కళ్లు చెదిరితే తేరుకోవడానికి ఎక్కువసేపు పడుతుంది. మీ లైటుకి కళ్లు చెదిరిన మనిషి తన బండిని మీ మీదకే తెచ్చే ప్రమాదం ఉంది.

వెలుగు ఎంత దూరం పడాలన్నది మీ వేగాన్ని బట్టి. గంటకి 20 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి ఐదున్నర మీటర్లు. గుంతని చూసి చేతులు బ్రేకు మీద పడటానికి ఒకటిన్నర సెకను అనుకుంటే ఆలోపే 8 మీటర్లు పోతారు. బ్రేకు పట్టాక ఆగడానికి ఇంకో 5 మీటర్లు. మొత్తం 13 మీటర్లు పైనే. తడి రోడ్డు మీద ఇంకా ఎక్కువ. చీకటి రోడ్డు మీద 20లో వెళ్లాలంటే 15 మీటర్ల దూరంలో గుంత తెలియాలి. తెలియడం లేదంటే లైటైనా మార్చాలి, వేగమైనా తగ్గించాలి.

బిగించే కోణం చూసుకోవడానికి ఒక గోడ చాలు. హ్యాండిల్ మీద లైటు సుమారు మీటరు ఎత్తులో ఉంటుంది. రాత్రి గోడకి 5 మీటర్ల దూరంలో సైకిల్‌ని నిలబెట్టి లైటు వేయండి. వెలుగు మధ్య చుక్క గోడ మీద అర మీటరు ఎత్తులో, అంటే మోకాలి దగ్గర పడితే, గోడ లేనప్పుడు అది 10 మీటర్ల దూరంలో రోడ్డుని తాకుతుంది. చుక్క మీ లైటు ఎత్తులోనే ఉంటే అది రోడ్డు మీద పడటం లేదు, నేరుగా ఎదుటివాళ్ల ముఖం మీద పడుతోంది. స్పీడ్ బ్రేకర్ల మీద ఎగిరీ ఎగిరీ బ్రాకెట్ వదులై లైటు జారుతుంది కాబట్టి అప్పుడప్పుడూ మళ్లీ చూసుకోవాలి.

పక్క నుంచి కనబడటాన్ని ఎవరూ పట్టించుకోరు. గుంటూరు బ్రాడీపేట సంగతే తీసుకోండి. లైన్లు, వాటికి అడ్డంగా అడ్డరోడ్లు, అడ్రస్ కూడా ఫలానా లైను, ఫలానా అడ్డరోడ్డు అనే చెబుతారు. అలాంటి చోట కొద్ది కొద్ది దూరానికే ఒక కూడలి వస్తుంది, ప్రతి కూడలిలోనూ బండి వచ్చేది పక్క నుంచే. ముందుకీ వెనక్కీ మాత్రమే చూసే లైట్లు అక్కడ పనికిరావు. పక్కలకి చిన్న కిటికీల్లాంటి సందులుండి వెలుగు వచ్చే లైట్లు తీసుకోండి. స్పోకులకి రిఫ్లెక్టర్లు పెట్టించండి. పిల్లలు ముచ్చటపడి చక్రాలకి పెట్టుకునే చిన్న ఎల్‌ఈడీలు కూడా ఇక్కడ ఉపయోగపడతాయి.

కొనేటప్పుడు ఎక్కువ మోసపోయేది బ్యాటరీ దగ్గర. దుకాణంలోనే చేసుకోగల లెక్క ఒకటుంది. బ్యాటరీ మీద ఎన్ని ఎంఏహెచ్ (ఎంత ఛార్జి పడుతుందన్న కొలత) అని రాశారో దాన్ని లిథియం సెల్లు వోల్టేజి 3.7తో గుణించి 1000తో భాగిస్తే బ్యాటరీలో ఉన్న శక్తి వాట్-అవర్లలో వస్తుంది. సుమారు 100 ల్యూమెన్లకి ఒక వాటు అనుకోండి. ఉదాహరణకి 1200 ఎంఏహెచ్ బ్యాటరీలో ఉండేది సుమారు 4.4 వాట్-అవర్లు. 300 ల్యూమెన్లలో వెలిగిస్తే 3 వాట్లు, అంటే గంటన్నర కూడా రాదు. అదే బ్యాటరీ పెట్టి పెట్టె మీద 1000 ల్యూమెన్లు, 8 గంటలు అని రాస్తే దానికి 80 వాట్-అవర్లు కావాలి. కుదరని పని. 1000 అనేది అన్నింటికంటే ఎక్కువ మోడ్‌లో, 8 గంటలనేది అన్నింటికంటే తక్కువ మోడ్‌లో అయ్యుంటుంది, లేదా రెండూ అబద్ధమే. వేలెడు లావుండే, 18650 అనే సైజు లిథియం సెల్లు మీద 9900 ఎంఏహెచ్ అని రాసినవి కూడా కనబడతాయి. పేరున్న కంపెనీల మంచి సెల్లులో ఉండేది 3500 చుట్టుపక్కలే. 9900 అని చూస్తే ఆ లైటు పక్కన పెట్టేయండి.

మన ఎండలు బ్యాటరీకి మరో పరీక్ష. లిథియం సెల్లుని మామూలుగా 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జి చేయకూడదంటారు. మే నెలలో విజయవాడలో గాలి వేడే ఆ దరిదాపులకి పోతుంది. ఎండలో నిలబెట్టిన సైకిల్ మీది నల్ల లైటు లోపల ఇంకా ఎక్కువ ఉంటుంది. మధ్యాహ్నం స్టాండులో సైకిల్ పెట్టేటప్పుడు లైటు తీసి లోపలికి తీసుకెళ్లండి, ఇంటికొచ్చి చల్లారాకే ఛార్జింగ్ పెట్టండి. ఛార్జింగ్ మరిచిపోయే అలవాటున్నవాళ్లకి మామూలు పెన్సిల్ సెల్లుతో నడిచే వెనక లైటు మేలు. అది నెలల తరబడి వస్తుంది, అయిపోతే ఏ కిరాణా కొట్లో అయినా సెల్లు దొరుకుతుంది.

వానకి, పెట్టె మీద నీళ్లని ఎంత తట్టుకుంటుందో చెప్పే గుర్తు ఐపీఎక్స్4 అన్నది ఉంటే చాలు. ఎటువైపు నుంచి నీళ్లు చిమ్మినా తట్టుకుంటుందని దాని అర్థం. మడ్‌గార్డు లేని సైకిల్‌కి చక్రం బురదని నేరుగా వెనక లైటు మీదకి కొడుతుంది, దానికి ఐపీఎక్స్6 తీసుకుంటే నయం. ఏ లైట్లోకైనా నీళ్లు పోయేది ఛార్జింగ్ పెట్టే చోటున్న రబ్బరు మూత దగ్గరే. అది వదులుగా ఉంటే పెట్టె మీద ఏం రాసినా ప్రయోజనం లేదు. వానలో తడిసిన లైటుని ఆరకుండా ఛార్జింగ్‌కి పెట్టొద్దు.

పగలు కూడా లైటు వేయాలా అని అడుగుతారు. డెన్మార్క్‌లోని ఒడెన్సేలో 2004-05లో 3,845 మంది సైకిల్ తొక్కేవాళ్లతో ఒక ప్రయోగం చేశారు. కొంతమంది సైకిళ్లకి ఎప్పుడూ వెలిగే లైట్లు పెట్టారు, మిగతావాళ్లకి పెట్టలేదు. లైట్లున్నవాళ్లలో గాయాలయ్యే ప్రమాదాలు 19 శాతం తక్కువ నమోదయ్యాయి. వాళ్ల ఎండ వేరు, మన ఎండ వేరు, కాబట్టి ఆ అంకె ఇక్కడ అలాగే వస్తుందని అనను. కానీ మన దగ్గర 2017 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన కొత్త బైకులన్నింటికీ పగలు కూడా హెడ్‌లైటు వెలుగుతూనే ఉంటుంది. వెలిగే బళ్లకి అలవాటు పడుతున్న కళ్లకి వెలగని సైకిల్ ఇంకా తక్కువగా ఆనుతుంది. డిసెంబరులో ఐదున్నర దాటగానే పొద్దు గుంకుతుంది, జనవరిలో ఆరున్నర దాటితే గానీ పొద్దు పొడవదు, కృష్ణ ఒడ్డున మంచు పడుతుంది. పాలు, పేపర్లు వేసేవాళ్లు, మిర్చి యార్డుకి వేకువనే పోయే హమాలీలు, స్టడీ అవర్స్ అయ్యాక ఇంటికొచ్చే ఇంటర్ పిల్లలు ఆ వేళల్లో రోడ్డు మీదే ఉంటారు. వాళ్లకి మబ్బుగా ఉన్నా, మంచున్నా లైటు వేసుకోమని చెబుతాను.

పాతకాలం డైనమో గురించి ఒక మాట. టైరుకి రాసుకుని తిరిగే సీసా ఆకారపు డైనమోలు 6 వోల్టులు, 3 వాట్లవి. అందులో 2.4 ముందు దీపానికి, 0.6 వెనక దానికి. తొక్కితేనే వెలుగు, ఆగితే చీకటి, అదే వాటి లోటు. అంటే సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వెనకవాళ్లకి కనబడం. ఇప్పటి డైనమో లైట్లలో ఆగాక కూడా కొన్ని నిమిషాలు వెలిగేలా కొంత శక్తిని దాచుకునే ఏర్పాటు ఉంటుంది. అలాంటిది దొరికితే రోజూ వాడేవాళ్లకి ఛార్జింగ్ టెన్షన్ ఉండదు.

చివరిగా మామూలు సైకిళ్ల సంగతి, ఎందుకంటే దుకాణాల్లో లైట్లన్నీ గేర్ల సైకిళ్లని దృష్టిలో పెట్టుకునే చేస్తారు. లేడీస్ సైకిల్‌కి ముందు బుట్ట ఉంటే హ్యాండిల్ మీది లైటు బుట్టకే తగులుతుంది, దాన్ని బుట్ట ముందు అంచుకో, కింద ఫోర్క్‌కో బిగించాలి. రాడ్ బ్రేకుల సైకిల్ హ్యాండిల్ కింద రాడ్డు అడ్డం వస్తుంది కాబట్టి రబ్బరు బ్యాండుతో కట్టే రకం సులువు. రైల్వేస్టేషన్ స్టాండులోనో, పని చేసే చోట గోడ పక్కనో సైకిల్ పెట్టి పోయేవాళ్లకి క్లిప్పు లైటు తిరిగొచ్చేసరికి ఉంటుందన్న నమ్మకం లేదు. తీసి జేబులో వేసుకునే ఓపిక లేకపోతే నట్టు బోల్టుతో బిగించేది తీసుకోవాలి. వెనక మడ్‌గార్డుకి మెకానిక్‌తో రెండు రంధ్రాలు వేయించి, సెల్లుతో నడిచే ఎర్ర లైటుని లోపలి వైపు నుంచి నట్లు బిగించేస్తే పానా లేకుండా ఊడదు. దాని కింద ఒక జానెడు ఎర్ర రేడియం స్టిక్కరు అతికిస్తే సెల్లు అయిపోయిన రాత్రి అది ఆదుకుంటుంది.